పరిమిత ఖర్చులో కచ్చితమైన సబ్‌వూఫర్: ఎంపిక, అమరిక, పరీక్ష

లక్ష్యాలు

ఈ పాఠ్యభాగాన్ని చదివిన తరవాత మీరు:
• గట్టిగా మోగే బేస్‌కీ, కచ్చితమైన బేస్‌కీ ఉన్న తేడాను వివరించగలుగుతారు.
• సబ్‌వూఫర్ వివరాల పట్టికలో పనికివచ్చే అంకెలను, పనికిరాని అంకెలను వేరుచేయగలుగుతారు.
• మీ గదిలో ఏ పౌనఃపున్యాల దగ్గర అనునాదం ఏర్పడుతుందో లెక్కకట్టగలుగుతారు.
• ఉన్న డబ్బుకు తగిన పెట్టెను ఎంచుకొని, దాన్ని సరైన చోట అమర్చగలుగుతారు.

1. పరిచయం

స్థిర తరంగాలు, అనునాదం అనే అంశాలను మీరు ఇంతకుముందే చదివారు. అక్కడ ఉదాహరణలుగా సోనామీటరు తీగను, గొట్టంలోని గాలి స్తంభాన్ని తీసుకున్నాం. ఈ భాగంలో అవే సూత్రాలు మీ ఇంటి గదిలో ఎలా పనిచేస్తాయో చూద్దాం. అందుకు ఉదాహరణగా తీసుకున్న వస్తువు సబ్‌వూఫర్. అంటే శబ్దంలోని అతి తక్కువ పౌనఃపున్యాలను మాత్రమే వినిపించే స్పీకరు పెట్టె.

ముందుగా నేను చేసిన ఒక పొరపాటు చెబుతాను. పదవీ విరమణ చేసిన ఏడాది, పాటలు వినడానికి ఒక గది ఏర్పాటు చేసుకొని, పెన్షను డబ్బుతో ఒక సబ్‌వూఫర్ కొన్నాను. దుకాణంలో అది మోగుతుంటే గుండె అదిరింది. ఇంకేమీ అడగకుండా డబ్బు కట్టాను. ఇంట్లో పెట్టి కచేరీ రికార్డు వేస్తే, మృదంగం ఎడమ మూత మీద విద్వాంసుడు ఏ దెబ్బ వేసినా నాకు వినిపించింది ఒకే ఒక్క "భుం". సినిమా పాటల్లో బేస్ గిటారు స్వరాలు కొన్ని నా కుర్చీలో కూర్చుంటే అసలు వినిపించవు. గది చివర గుమ్మం దగ్గర నిలబడితే అవే స్వరాలు కిటికీ అద్దాలను కదిలిస్తున్నాయి. ముప్పై ఏళ్లు తరగతిలో స్థిర తరంగాల పాఠం చెప్పినవాణ్ణి. కొనే ముందు నా గది పొడవు, వెడల్పు కొలుచుకోలేదు!

నా పొరపాటు వల్ల తేలిన విషయమే ఈ పాఠానికి సారం. బేస్ కచ్చితంగా వినిపించాలంటే పెట్టె ఒక్కటే మంచిదైతే చాలదు. పెట్టె, గది, మీరు కూర్చునే చోటు, ఈ మూడూ కలిసి ఒకే వ్యవస్థ. డబ్బు తక్కువగా ఉన్నవారు ఈ మూడింటిలో ఖర్చులేని రెండింటిని ముందుగా పట్టించుకోవాలి.

2. కచ్చితత్వం అంటే ఏమిటి?

రికార్డులో ఏముందో దాన్నే, ఎక్కువా తక్కువా కాకుండా వినిపించడం కచ్చితత్వం. దీన్ని మూడు లక్షణాలుగా విడదీసి కొలవవచ్చు.

(అ) సమత: 35 హెర్ట్జ్ స్వరాన్నీ, 50 హెర్ట్జ్ స్వరాన్నీ, 70 హెర్ట్జ్ స్వరాన్నీ ఒకే తీవ్రతతో ఇస్తే ఒకే తీవ్రతతో వినిపించాలి. ఒకటి ఉబికి, మరొకటి మునిగిపోతే సమత లేనట్లు.

(ఆ) విరూపణ తక్కువగా ఉండడం: 30 హెర్ట్జ్ స్వరం ఇస్తే, అడగని 60, 90 హెర్ట్జ్ స్వరాలు కూడా పెట్టె లోంచి రాకూడదు. చిన్న పెట్టెను శక్తికి మించి మోగిస్తే ఇదే జరుగుతుంది. అప్పుడు బేస్ "నిండుగా" ఉన్నట్లు భ్రమ కలుగుతుంది గాని వినిపించేది అసలు స్వరం కాదు.

(ఇ) ఆగవలసినప్పుడు ఆగడం: దెబ్బ ఆగిపోయాక శబ్దం కూడా ఆగాలి. అవరోధం చాలని డోలకం బలాన్ని తొలగించాక కూడా ఊగుతూనే ఉంటుందని మీకు తెలుసు. అవరోధం చాలని స్పీకరు, అనునాదం ఎక్కువైన గది కూడా అంతే. ఒక దెబ్బ తోక మరో దెబ్బ మీద పడి అన్నీ కలిసిపోతాయి.

దుకాణంలో నా గుండెను అదరగొట్టినది ఈ మూడింటిలో ఏదీ కాదు. అది తీవ్రత మాత్రమే. రెండు పెట్టెల్లో ఏది కొంచెం గట్టిగా మోగితే అదే మేలైనదని చెవి తీర్పు చెబుతుంది. అందువల్ల పోల్చేటప్పుడు రెండింటినీ ఒకే తీవ్రతకు తెచ్చి వినాలి.

3. ఎంత లోతు అవసరం?

మానవ శ్రవణ పరిధి సుమారు 20 నుంచి 20,000 హెర్ట్జ్ వరకు. నాలుగు తీగల బేస్ గిటారులో అన్నిటికన్నా కింది స్వరం 41.2 హెర్ట్జ్. పియానోలో అట్టడుగు మెట్టు 27.5 హెర్ట్జ్. సినిమాల్లో పేలుళ్లు, ఉరుములు 20 హెర్ట్జ్ దాకా దిగవచ్చు. హోం థియేటరుకు "5.1" అని పేరు పెట్టినప్పుడు, ఆ చివరి ".1" ఈ తక్కువ పౌనఃపున్యాల ప్రభావాల కోసం కేటాయించిన ప్రత్యేక మార్గం. దాని పై హద్దు 120 హెర్ట్జ్.

మన చెవి తక్కువ పౌనఃపున్యాల విషయంలో మందకొడి. ఫ్లెచర్, మన్సన్ అనే శాస్త్రజ్ఞులు 1933లో ప్రచురించిన సమశ్రవణ రేఖలు దీన్ని స్పష్టంగా చూపాయి. 1000 హెర్ట్జ్ స్వరం సున్నాకు కొద్దిగా పైన ఉన్న డెసిబెల్‌లలోనే వినిపిస్తే, 20 హెర్ట్జ్ స్వరం చెవికి ఆనాలంటే 70 డెసిబెల్‌లకు పైనే కావాలి. శబ్దం తగ్గించగానే బేస్ మాయమైనట్లు అనిపించడానికి కారణం ఇదే. కాబట్టి పెట్టెను దుకాణంలో పరీక్షించేటప్పుడు ఇంట్లో మీరు మామూలుగా వినే తీవ్రతలోనే వినండి.

సంగీతం ప్రధానంగా వినేవారికి 30 హెర్ట్జ్ వరకు నిజాయితీగా పనిచేసే పెట్టె చాలు. 20 హెర్ట్జ్ కోసం పట్టుబడితే ధర ఎందుకు పెరుగుతుందో తరవాతి భాగం చెబుతుంది.

4. గాలిని కదిలించే లెక్క

స్పీకరు శంకువు ముందుకు వెనక్కు కదిలి గాలిని తోస్తుంది. అది ఒక్కసారి తోసే గాలి పరిమాణం శంకువు వైశాల్యం మీద, అది కదిలే దూరం మీద ఆధారపడుతుంది. ఒకే ధ్వని పీడనం రావాలంటే, పౌనఃపున్యం సగమైనప్పుడు తోయవలసిన గాలి నాలుగు రెట్లు అవుతుంది. అంటే కావలసిన గాలి పౌనఃపున్య వర్గానికి విలోమానుపాతంలో ఉంటుంది.

ఉదాహరణ 1: 30 హెర్ట్జ్‌కు బదులు 20 హెర్ట్జ్ దాకా అదే తీవ్రత కావాలంటే ఎన్ని రెట్లు గాలి కదలాలి?
(30 ÷ 20) వర్గం = 2.25 రెట్లు.

ఉదాహరణ 2: 8 అంగుళాల శంకువు కన్నా 12 అంగుళాల శంకువు వైశాల్యం ఎన్ని రెట్లు?
(12 ÷ 8) వర్గం = 2.25 రెట్లు.

రెండు జవాబులూ ఒకటే కావడం గమనించండి. శంకువు కదిలే దూరం సమానమైతే, 8 అంగుళాల పెట్టె 30 హెర్ట్జ్ దగ్గర చేసే పనిని 20 హెర్ట్జ్ దగ్గర చేయడానికి 12 అంగుళాల పెట్టె కావాలి. చివరి పది హెర్ట్జ్ కోసం పెట్టె తరగతే మారిపోతుంది. అందుకే "మీకు ఎంత లోతు కావాలి?" అనే ప్రశ్న వేసుకున్న తరవాతే దుకాణానికి వెళ్లాలి.

దీనికి తోడు స్పీకరు రూపకర్తలకు హాఫ్‌మన్ ఉక్కు నియమం అని ఒకటి ఉంది. లోతైన బేస్, చిన్న పెట్టె, అధిక దక్షత: ఈ మూడింటిలో రెండింటిని ఎంచుకోవచ్చు, మూడోది వదులుకోవాలి. అరచేతిలో ఇమిడే పెట్టెలో భూకంపం పుడుతుందని ఎవరైనా చెబితే ఈ నియమాన్ని గుర్తుచేసుకోండి.

5. మూసిన పెట్టె, రంధ్రపు పెట్టె

మూసిన పెట్టెలో లోపలి గాలి స్ప్రింగులా పనిచేస్తుంది. ఈ పద్ధతిని ఎడ్గర్ విల్చర్ 1954లో ఏఆర్-1 అనే స్పీకరుతో ఇళ్లలోకి తెచ్చాడు. ఇందులో అనునాద పౌనఃపున్యానికి దిగువన తీవ్రత ప్రతి అష్టకానికి 12 డెసిబెల్ చొప్పున మెల్లగా తగ్గుతుంది.

రంధ్రపు పెట్టెలో ఒక గొట్టం ఉంటుంది. నోటి దగ్గర ఊదితే సీసా మోగినట్లు, ఆ గొట్టంలోని గాలి ఒక నిర్ణీత పౌనఃపున్యం దగ్గర అనునాదం చెంది శంకువుకు సాయపడుతుంది. అదే ఖర్చులో ఎక్కువ శబ్దం వస్తుంది. కాని ఆ పౌనఃపున్యానికి దిగువన తీవ్రత అష్టకానికి 24 డెసిబెల్ చొప్పున పడిపోతుంది. అక్కడ శంకువుకు పెట్టె గాలి ఆసరా కూడా ఉండదు. గొట్టం సన్ననిదైతే గాలి బుసకొట్టే చప్పుడు వినిపిస్తుంది.

రంధ్రపు పెట్టె అంటే నాసిరకమని అనుకోవద్దు. 1960, 70 దశకాల్లో థీల్, స్మాల్ అనే ఇంజనీర్లు దాని రూపకల్పనకు గట్టి గణిత పునాది వేశారు. ఆ లెక్క ప్రకారం చేసిన పెట్టె చక్కగా పనిచేస్తుంది. చిక్కల్లా, ధర తగ్గించే తొందరలో గొట్టాన్ని 50, 60 హెర్ట్జ్ దగ్గర మోగేలా చేసి, ఆ మోతనే "బేస్" అని అమ్మే పెట్టెలతోనే. చిన్న గదిలో సంగీతం వినేవారు, రెండిట్లో ఏది మంచిదో తేల్చుకోలేకపోతే, మూసిన పెట్టెను ఎంచుకోవడం క్షేమం. పెద్ద హాలులో సినిమాలు చూసేవారికి మంచి రంధ్రపు పెట్టె ఎక్కువ గిట్టుబాటు.

6. వివరాల పట్టికను చదవడం

వాట్లు: పెట్టె మీద పెద్ద అక్షరాలతో ఉండే "పీఎంపీఓ" వాట్లను పూర్తిగా విస్మరించండి. ఆ అంకెకు అందరూ పాటించే కొలత పద్ధతి ఏదీ లేదు. "ఆర్ఎంఎస్" వాట్లు చూడండి. అక్కడ కూడా వాట్లు రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్ మాత్రమే. శబ్దం రెట్టింపైనట్లు చెవికి తోచాలంటే సుమారు 10 డెసిబెల్ పెరగాలి. అంటే 100 వాట్లు 1000 వాట్లు కావాలి. 100, 150 వాట్ల మధ్య తేడా కోసం అప్పు చేయవద్దు.

పౌనఃపున్య పరిధి: "25 నుంచి 150 హెర్ట్జ్" అని మాత్రమే ఉంటే అది అసంపూర్ణ సమాచారం. 25 హెర్ట్జ్ దగ్గర తీవ్రత ఎంత పడిపోయిందో అది చెప్పదు. "ప్లస్ లేదా మైనస్ 3 డెసిబెల్" వంటి హద్దు కూడా రాసి ఉంటేనే ఆ అంకెను నమ్మండి.

గరిష్ఠ తీవ్రత: సీటీఏ-2010 అనే కొలత ప్రమాణం ఉంది. విరూపణ ఒక హద్దు దాటకుండా ఏ పౌనఃపున్యం దగ్గర పెట్టె ఎంత గట్టిగా మోగగలదో అది చెబుతుంది. ఈ అంకెలు దొరికిన పెట్టెలను పోల్చడం చాలా సులువు.

మీటలు: తీవ్రత మీట, విభజన పౌనఃపున్యం మీట, దశ మీట, ఈ మూడూ ఉండాలి. వైర్‌లెస్ సౌకర్యం, రంగు దీపాలు, రిమోటు లేకపోయినా నష్టం లేదు. ఆ డబ్బు శంకువుకు, ఆంప్లిఫయరుకు వెళ్లనివ్వండి.

7. గది చేసే పని

సమాంతరంగా ఉన్న రెండు గోడల మధ్య స్థిర తరంగం ఏర్పడే మొదటి పౌనఃపున్యానికి సూత్రం:

పౌనఃపున్యం = ధ్వని వేగం ÷ (2 × గోడల మధ్య దూరం)

ఉదాహరణ 3: నా గది పొడవు 12 అడుగులు (3.66 మీటర్లు), వెడల్పు 10 అడుగులు (3.05 మీటర్లు), ఎత్తు కూడా 10 అడుగులే. 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర ధ్వని వేగం సెకనుకు 346 మీటర్లు.
పొడవు వల్ల: 346 ÷ 7.32 = సుమారు 47 హెర్ట్జ్.
వెడల్పు వల్ల: 346 ÷ 6.10 = సుమారు 57 హెర్ట్జ్.
ఎత్తు వల్ల: అదే 57 హెర్ట్జ్.

వెడల్పు, ఎత్తు సమానం కావడంతో రెండు అనునాదాలు ఒకే చోట పడ్డాయి. నేను విన్న ఆ ఒకే ఒక్క "భుం" 57 హెర్ట్జ్ దగ్గరిది. బేస్ గిటారులో 55 హెర్ట్జ్ స్వరం దానికి పక్కనే ఉంటుంది.

మరి కొన్ని స్వరాలు మాయం కావడం ఎందుకు? ఇలాంటి తరంగంలో గోడల దగ్గర పీడనం గరిష్ఠం, గది మధ్యలో కనిష్ఠం. నా కుర్చీ పొడవు గోడకు ఆనుకొని, సరిగ్గా ఆ గోడ మధ్యలో ఉంది. అంటే 47 హెర్ట్జ్ తరంగానికి పీడనం లేని చోట కూర్చున్నాను. దానికి దగ్గరి స్వరాలు నాకు చేరలేదు. గది చివర గుమ్మం దగ్గర నిలబడ్డవారికి అవే బ్రహ్మాండంగా వినిపించాయి. అదే సమయంలో గోడకు ఆనుకొని ఉండడం వల్ల వెడల్పు తాలూకు 57 హెర్ట్జ్ మోత పూర్తిగా నా మీదే పడింది. పెట్టేమో మూలలో ఉంది. మూలలో మూడు దిశల పీడనాలూ గరిష్ఠమే గనుక అది అన్ని అనునాదాలనూ ఒకేసారి రెచ్చగొట్టింది.

పరిష్కారానికి రూపాయి ఖర్చు కాలేదు. పెట్టెను మూల నుంచి జరిపి పొట్టి గోడ మధ్యలో పెట్టాను. వెడల్పు తరంగానికి అది పీడనం లేని చోటు కాబట్టి ఆ 57 హెర్ట్జ్ మోత చాలావరకు అణగింది. కుర్చీని గోడకు రెండడుగులు ఎడంగా, గది పొడవులో మూడో వంతు దగ్గరికి జరిపాను. పోయిన స్వరాలు తిరిగి వచ్చాయి. పైకప్పు వల్ల వచ్చే 57 హెర్ట్జ్ కొంత మిగిలింది. దానితో సర్దుకుపోతున్నాను. మృదంగం ఎడమ మూత ఇప్పుడు దెబ్బ దెబ్బకూ వేరుగా పలుకుతోంది. అంటే పెట్టె మరీ చెడ్డది కాదు. దాని ధరలో సగానికి దొరికే పెట్టె కూడా ఇదే అమరికలో నాకు సరిపోయేదని మాత్రం ఇప్పుడు తెలుసు.

8. అమరిక: చేసి చూడండి

(1) పెట్టెను తాత్కాలికంగా మీరు కూర్చునే చోట పెట్టండి. బేస్ గిటారు మెట్లు మెట్లుగా నడిచే పాట వేయండి. మీరు గోడల వెంబడి, తల పెట్టె ఎత్తుకు వంచి నెమ్మదిగా తిరగండి. అన్ని స్వరాలూ సమానంగా వినిపించిన చోట గుర్తు పెట్టండి. పెట్టెకు అదే సరైన చోటు. ధ్వనిజనకమూ శ్రోతా స్థానాలు మార్చుకున్నా ఫలితం మారదు గనుక ఈ పద్ధతి పనిచేస్తుంది.

(2) విభజన పౌనఃపున్యాన్ని 80 హెర్ట్జ్ దగ్గర మొదలుపెట్టండి. దానికి దిగువ శబ్దం ఏ దిక్కు నుంచి వస్తోందో చెవి తేలికగా గుర్తించలేదు. మీ ముందు స్పీకర్లు మరీ చిన్నవైతే ఈ అంకెను పెంచక తప్పదు. అప్పుడు పెట్టెను వాటి దగ్గరగా ఉంచండి.

(3) దశ మీటను రెండు స్థానాల్లోనూ ఉంచి వినండి. 80 హెర్ట్జ్ ప్రాంతం ఎక్కువ నిండుగా వినిపించిన స్థానంలో వదిలేయండి. తక్కువగా వినిపించే స్థానంలో సబ్‌వూఫర్, ముందు స్పీకర్లు ఒకదాన్నొకటి రద్దుచేసుకుంటున్నాయని అర్థం.

(4) సబ్‌వూఫర్ ఉన్నట్లు తెలిసేదాకా తీవ్రత పెంచి, తెలియకుండా పోయేదాకా తగ్గించండి. ఆపితే లోటు తెలియాలి, మోగుతుంటే ఉనికి తెలియకూడదు.

(5) ఫోనులో స్వరాలు పుట్టించే ఉచిత యాప్‌తో 30 నుంచి 100 హెర్ట్జ్ వరకు 5 హెర్ట్జ్ చొప్పున స్వరాలు వేసి, మరో ఫోనులోని శబ్ద మాపక యాప్‌తో తీవ్రతను కొలిచి గ్రాఫు కాగితం మీద గీయండి. ఫోను మైకు అట్టడుగు స్వరాలను తక్కువ చేసి చూపవచ్చు. కాబట్టి అంకెలను కాకుండా, పెట్టెను జరపక ముందు గ్రాఫునూ జరిపిన తరవాత గ్రాఫునూ పోల్చండి. కంప్యూటరు, కొలత మైకు ఉన్నవారికి రూమ్ ఈక్యూ విజార్డ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఇదే పనిని మరింత కచ్చితంగా చేస్తుంది.

గ్రాఫులో కొండలను ఈక్వలైజరుతో తగ్గించవచ్చు. లోయలను పూడ్చే ప్రయత్నం మాత్రం చేయవద్దు. 10 డెసిబెల్ పెంచడానికి పది రెట్ల శక్తి కావాలి. రద్దయ్యే చోట ఎంత పోసినా రద్దే అవుతుంది. లోయకు మందు పెట్టెనో కుర్చీనో జరపడమే.

9. డబ్బు ఎలా పెట్టాలి?

మొదట, ముందు స్పీకర్లు సరిగా లేకపోతే సబ్‌వూఫర్ ఆలోచన వాయిదా వేయండి. గొంతులు, వీణ, వయొలిన్ అన్నీ వాటిలోనే పలుకుతాయి. రెండు, ఒకే ధరలో పెద్ద వాట్ల అంకె ఉన్న తేలికపాటి పెట్టె, చిన్న అంకె ఉన్న బరువైన పెట్టె కనిపిస్తే, రెండోదాన్ని ముందుగా వినండి. గట్టి చెక్క, బలమైన అయస్కాంతం బరువుంటాయి. మూడు, ఇంట్లో వాడిచూసి తిరిగి ఇచ్చే వీలున్న చోట కొనండి. మీ గదిలో వినకుండా చేసే తీర్పు సగం తీర్పే. నాలుగు, రెండోదానికి డబ్బు కూడినప్పుడు ఉన్నదాన్ని అమ్మి పెద్దది కొనేకన్నా, అలాంటిదే మరొకటి కొని ఎదురెదురు గోడల మధ్యలో పెట్టండి. రెండు పెట్టెలు ఇలా ఉంటే గది అంతటా బేస్ మరింత సమంగా పరుచుకుంటుందని టాడ్ వెల్టీ 2002లో ప్రచురించిన పరిశోధన చూపింది.

అపార్టుమెంట్లలో ఉండేవారికి ఒక మాట. తక్కువ పౌనఃపున్యాలు గోడలనూ శ్లాబునూ సులువుగా దాటుతాయి. పెట్టె కింద రబ్బరు మెత్త వేస్తే నేలకు పాకే కంపనం తగ్గుతుంది గాని గాలిలో వెళ్లే శబ్దం ఆగదు. రాత్రి పూట తీవ్రత తగ్గించడమే మార్గం. మీ 57 హెర్ట్జ్ మోత కింది ఇంట్లో పడుకున్న పసివాడికి నిద్రాభంగం కాకూడదు.

10. సారాంశం

కచ్చితమైన బేస్ అంటే సమత, తక్కువ విరూపణ, వెంటనే ఆగే గుణం. లోతు పెరిగే కొద్దీ కదిలించవలసిన గాలి వర్గానుపాతంలో పెరుగుతుంది కాబట్టి ధర కూడా పెరుగుతుంది. సంగీతానికి 30 హెర్ట్జ్ చాలు. గది తన కొలతలను బట్టి కొన్ని స్వరాలను ఉబికిస్తుంది, కొన్నింటిని మింగేస్తుంది. దీనికి మొదటి చికిత్స అమరిక, రెండోది కొలత, చివరిది ఖర్చు. దుకాణానికి వెళ్లేటప్పుడు పర్సుతోపాటు మీ గది కొలతలు రాసుకున్న కాగితాన్ని కూడా తీసుకువెళ్లండి.

11. మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. 15 అడుగుల (4.57 మీటర్లు) పొడవున్న గదిలో పొడవు వల్ల ఏర్పడే మొదటి అనునాద పౌనఃపున్యం ఎంత?
2. 80 హెర్ట్జ్ నుంచి 40 హెర్ట్జ్‌కు దిగితే, అదే తీవ్రతకు ఎన్ని రెట్లు గాలి కదలాలి?
3. వాట్లు రెట్టింపైతే ఎన్ని డెసిబెల్ పెరుగుతుంది?

సమాధానాలు: 1. సుమారు 38 హెర్ట్జ్. 2. నాలుగు రెట్లు. 3. 3 డెసిబెల్.

12. మాదిరి పరీక్ష ప్రశ్నలు

1. మూసిన పెట్టె, రంధ్రపు పెట్టెల పనితీరును పోల్చి, చిన్న గదికి ఏది తగినదో కారణాలతో రాయండి.
2. గది మధ్యలో కూర్చున్న శ్రోతకు కొన్ని బేస్ స్వరాలు వినిపించకపోవడానికి కారణాన్ని స్థిర తరంగాల సాయంతో వివరించండి.
3. మీ ఇంట్లోని ఒక గది కొలతలు తీసుకొని, మూడు దిశల్లో మొదటి అనునాద పౌనఃపున్యాలను లెక్కకట్టి, సబ్‌వూఫర్‌కూ కుర్చీకీ తగిన చోట్లను పటం గీసి చూపండి.